వేప విత్తనం: సేకరణ నుంచి మొక్కల సంరక్షణ వరకు

ఉపోద్ఘాతం

తెలుగు ప్రాంతాలలో ఇంటి ముంగిట, పొలం గట్టున, గ్రామదేవత గుడి ఆవరణలో, రహదారుల వెంట ఎక్కువగా కనిపించే వృక్షాలలో వేప ముఖ్యమైనది. ఉగాది పచ్చడిలో దాని పువ్వు, ధాన్యపు గాదెలో దాని ఆకు, పైరుపై దాని గింజల కషాయం, నేలలో దాని పిండి, ఆయుర్వేదంలో ‘నింబ’ అనే పేరుతో దాని బెరడు, ఆకు, నూనె తరతరాలుగా వినియోగంలో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2018లో దీనిని రాష్ట్ర వృక్షంగా ప్రకటించింది.

ఇంతగా పరిచయమున్న చెట్టు కావడం వల్లనే దీని విత్తనం గురించి ప్రత్యేకంగా తెలుసుకోవలసినది ఏమీ లేదన్న భావన వ్యాపించింది. తొలకరి తరువాత చెట్టు కింద వందల మొక్కలు వాటంతట అవే మొలవడం ఈ భావనను మరింత బలపరచింది. అయితే అదే చెట్టు గింజలను ఏరి, ఎండబెట్టి, గోనె సంచిలో కట్టి, రెండు మూడు నెలల తరువాత నారుమడిలో విత్తితే మొలిచేవి అతి స్వల్పం. లోపం చెట్టుదీ కాదు, నేలదీ కాదు. నారుమడికి చేరక ముందే విత్తనం నిర్జీవమైపోవడమే దీనికి కారణం. వేప మొక్కల పెంపకంలో జయాపజయాలను నిర్ణయించేది పండు చెట్టు నుంచి రాలిన తరువాతి మొదటి పది పదిహేను రోజులు. ఆ కొద్ది రోజులలో విత్తనంలో జరిగే మార్పులను, అందుకు అనుగుణంగా పాటించవలసిన పద్ధతులను వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

ఈ విషయానికి నేడు ప్రాధాన్యం పెరగడానికి రెండు కారణాలు ఉన్నాయి. మొదటిది, వేప గింజకు పెరిగిన గిరాకీ. 2015లో దేశంలో తయారయ్యే యూరియా అంతటికీ వేప నూనె పూత తప్పనిసరి అయింది. సేంద్రియ సేద్యం వ్యాప్తి చెందడంతో వేప ఆధారిత కీటకనాశనుల వినియోగమూ అధికమైంది. రెండవది, వేప ఎండు తెగులు. 2021లో తెలంగాణ జిల్లాలలో వేప చెట్లు పై కొమ్మల నుంచి మాడిపోయినట్లు ఎండిపోవడం ప్రజలను ఆందోళనకు గురిచేసింది. చెట్ల సంఖ్యను నిలుపుకోవాలన్నా, పెంచుకోవాలన్నా ఆరోగ్యవంతమైన విత్తనం నుంచి మొక్కలను పెంచడమే మార్గం.

వృక్ష లక్షణాలు

వేప మీలియేసి కుటుంబానికి చెందిన వృక్షం. దీని శాస్త్రీయ నామం అజాడిరక్టా ఇండికా. సాలీనా 450 నుంచి 1,150 మి.మీ. వర్షపాతం గల ప్రాంతాలు దీనికి అనుకూలం. వేసవిలో 44 డిగ్రీల సెల్సియస్‌కు మించిన ఉష్ణోగ్రతను కూడా తట్టుకుంటుంది. ఎర్ర నేలలు, ఇసుక నేలలు, రాతి నేలలు, కొంతమేరకు చౌడు నేలలలో సైతం పెరుగుతుంది. అయితే నీరు నిలిచే నేలలో మాత్రం బ్రతకదు. లోతుగా చొచ్చుకుపోయే తల్లివేరుకు గాలి అందకపోవడం ఇందుకు కారణం. నల్లరేగడి నేలలలో నాటదలచినప్పుడు మురుగు నీరు పోయే సౌకర్యాన్ని ముందుగా పరిశీలించాలి.

చెట్టు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు పూస్తుంది. చిన్నవిగా, తెల్లగా, సువాసనతో ఉండే పువ్వులను తేనెటీగలు, ఇతర కీటకాలు సందర్శిస్తాయి. పండ్లు ప్రధానంగా జూన్, జూలై మాసాలలో పక్వానికి వస్తాయి. పండులో తియ్యని గుజ్జు, దాని లోపల గట్టి పెంకు, పెంకులో సాధారణంగా ఒక పప్పు ఉంటాయి. అరుదుగా రెండు పప్పులు కనిపిస్తాయి. పప్పు బరువులో 40 నుంచి 50 శాతం వరకు నూనె ఉంటుంది. కీటకాల ఆహార స్వీకరణను, పెరుగుదలను అరికట్టే అజాడిరక్టిన్ అనే పదార్థం అధికంగా ఉండేది కూడా పప్పులోనే.

తురకవేప, మలబార్ వేప అనే చెట్లను వేపగా పొరబడే అవకాశం ఉంది. ఇవి మీలియా ప్రజాతికి చెందినవి. వేప ఆకులో ఒకే ఈనెకు ఇరువైపులా పత్రకాలు వరుసగా ఉంటాయి. మీలియా ఆకులో ఈనె మళ్ళీ శాఖలుగా చీలి, ఆ శాఖలపై పత్రకాలు ఉంటాయి. మీలియా కాయలోని పెంకు గట్టిగా, నిలువు గాడులతో ఉండి, అందులో ఒకటికి మించి విత్తనాలు ఉంటాయి. వేప గింజ నునుపుగా, కోలగా ఉంటుంది. విత్తనం కొనుగోలు చేసేవారు ఈ భేదాన్ని గుర్తించగలగాలి.

విత్తన స్వభావం

విత్తనాలను నిల్వ గుణాన్ని బట్టి స్థూలంగా మూడు తరగతులుగా విభజిస్తారు. వరి, జొన్న, కంది వంటివి ఎంతగా ఎండి, ఎంత చల్లగా ఉంటే అంత ఎక్కువ కాలం జీవశక్తిని నిలుపుకుంటాయి. పనస, మామిడి వంటివి ఎండితే చనిపోతాయి. ఈ రెండింటికీ మధ్య మరొక తరగతి ఉందని ఎలిస్, హాంగ్, రాబర్ట్స్ అనే శాస్త్రవేత్తలు కాఫీ విత్తనాలపై జరిపిన అధ్యయనం ఆధారంగా 1990లో ప్రతిపాదించారు. ఈ మధ్యస్థ తరగతి విత్తనాలు కొంతవరకు ఎండడాన్ని సహిస్తాయి. కాని మరీ ఎక్కువ ఎండినా, ఎండిన తరువాత చలికి గురైనా దెబ్బతింటాయి.

వేపను మొదటి తరగతిలో చేర్చిన పరిశోధకులు ఉన్నారు. రెండవ తరగతిలో చేర్చిన వారూ, మధ్యస్థమని నిర్ణయించిన వారూ ఉన్నారు. ఒకే జాతి విషయంలో ఇంత భిన్నమైన ఫలితాలు రావడం విద్యార్థులకు ఆశ్చర్యం కలిగించవచ్చు. పండును ఏ పక్వ దశలో కోశారు, గుజ్జును ఎప్పుడు తొలగించారు, ఎండలో ఆరబెట్టారా నీడలోనా, ఎంత తేమ వద్ద నిల్వ చేశారు అనే అంశాలలోని తేడాలు ఈ భిన్నత్వానికి ముఖ్య కారణాలు. అనగా వేప విత్తనపు ఆయుర్దాయం దాని జన్యు స్వభావంపై ఎంత ఆధారపడి ఉందో, దానిని మనం నిర్వహించే తీరుపై కూడా అంతే ఆధారపడి ఉంది.

విత్తనం జీవశక్తిని కోల్పోవడానికి మూడు ముఖ్య కారణాలను గుర్తించవచ్చు. మొదటిది గుజ్జు పులియడం. చక్కెరలు గల గుజ్జు గింజను అంటిపెట్టుకుని ఉన్నప్పుడు, పండ్లను కుప్పగా పోసినప్పుడు, పులిసి వేడి పుడుతుంది. శిలీంద్రాలు వృద్ధి చెందుతాయి. రెండవది తేమతో కూడిన నిల్వ. తాజా విత్తనంలో తేమ అధికంగా ఉండి శ్వాసక్రియ చురుకుగా సాగుతుంది. గాలి ఆడని ప్లాస్టిక్ సంచిలో ఉంచితే ప్రాణవాయువు అందక పిండం చనిపోతుంది. మూడవది చలి. తేమ తగినంత తగ్గని విత్తనాన్ని శీతల పెట్టెలో ఉంచితే చలి వల్లనే హాని కలుగుతుంది.

దీనికి తోడు మరొక సూక్ష్మాంశం ఉంది. బాగా ఎండిన విత్తనంలో కణత్వచాలలోని కొవ్వు పదార్థాలు బిగుసుకుని ఉంటాయి. అటువంటి విత్తనాన్ని ఒక్కసారిగా చల్లని నీటిలో నానబెడితే త్వచాలు సర్దుకునే లోపలే నీరు లోనికి చొరబడి, కణాలలోని పదార్థాలు బయటకు కారిపోతాయి. గోరువెచ్చని నీటిలో నానిన విత్తనానికి ఈ ప్రమాదం తక్కువ. మొలకెత్తని ఎండు విత్తనాలలో కొన్ని నిల్వలో కాక, నానబెట్టే పాత్రలోనే చనిపోయి ఉండవచ్చునని దీనిని బట్టి గ్రహించాలి.

తల్లిచెట్ల ఎంపిక

వేపలో పరపరాగ సంపర్కం జరుగుతుంది. ఒకే చెట్టు గింజల నుంచి వచ్చిన మొక్కలన్నీ ఒకే రీతిగా ఉండవు. అజాడిరక్టిన్ పరిమాణం, నూనె శాతం, కాపు చెట్టుకు చెట్టుకు మారుతూ ఉంటాయి. పక్కపక్కనే ఉన్న చెట్ల మధ్య కూడా ఈ తేడా కనిపిస్తుంది. అందువల్ల దండిగా కాసే ఒక చెట్టును గుర్తించి, దాని గింజలతోనే వేల మొక్కలను పెంచడం శాస్త్రీయం కాదు. అలా చేస్తే తరువాతి తరంలో జన్యు వైవిధ్యం సన్నగిల్లుతుంది. ఒక తెగులు వచ్చినప్పుడు తట్టుకునే చెట్లు ఆ సముదాయంలో ఉండే అవకాశం తగ్గుతుంది.

ఆరోగ్యంగా, నిటారుగా పెరిగి, ఏటా బాగా కాసే మధ్య వయసు చెట్లను వీలైనంత ఎక్కువ సంఖ్యలో, ఒకదానికొకటి కనీసం 100 మీటర్ల దూరంలో ఉన్నవాటిని ఎంపిక చేసుకోవడం మంచిది. ప్రతి చెట్టు నుంచి దాదాపు సమాన పరిమాణంలో విత్తనం తీసుకుని కలపాలి. ఒంటరిగా ఉన్న చెట్టును, కొమ్మలు ఎండిన చెట్టును తల్లిచెట్టుగా స్వీకరించరాదు. తల్లిచెట్ల ఎంపిక పండ్ల కాలంలో కాక, అంతకు ముందు శీతాకాలంలోనే జరగాలి. ఎండు తెగులు లక్షణాలు వర్షాకాలపు చివరి భాగం నుంచి శీతాకాలం వరకు స్పష్టంగా కనిపిస్తాయి. వేసవిలో కొత్త చిగుళ్ళు వచ్చిన తరువాత రోగపీడితమైన చెట్టు కూడా పచ్చగానే కనిపించి పరిశీలకుని తప్పుదారి పట్టించగలదు.

పండ్ల సేకరణ, శుద్ధి

నేలమీద పడి ఎండి ముడుతలు పడిన గోధుమ రంగు గింజలు నూనె తీయడానికి పనికిరావచ్చు. విత్తనానికి పనికిరావు. అవి ఎన్ని రోజుల క్రితం రాలినవో, ఎంత ఎండను, ఎంత వానను చవిచూసినవో తెలియదు. ఆకుపచ్చ నుంచి పసుపు రంగుకు తిరిగిన పండ్లను చెట్టు నుంచే సేకరించాలి. చెట్టు కింద గుడ్డ లేదా టార్పాలిన్ పరచి, కొమ్మలను మృదువుగా కదిలిస్తే పండిన పండ్లు రాలుతాయి. వాటిని గోనె సంచులలో గాని బుట్టలలో గాని నీడలో రవాణా చేయాలి. కుప్పగా పోసి రాత్రంతా వదిలివేయరాదు.

సేకరించిన రోజునే, కుదరనప్పుడు మరునాటికైనా గుజ్జును తొలగించాలి. పండ్లను నీటిలో వేసి చేతితో పిసికి, కొద్దిగా ముతక ఇసుక కలిపి రుద్దితే గుజ్జు సులభంగా విడిపోతుంది. రెండు మూడు సార్లు మంచినీటితో కడగాలి. నీటిపై తేలిన తాలు గింజలను తొలగించాలి. శుభ్రమైన గింజలను వల మీద లేదా గోనె పట్టా మీద పలుచగా పరచి, గాలి ఆడే నీడలో ఆరబెట్టాలి. నేరుగా ఎండలో, సిమెంటు కళ్ళంపై ఆరబెట్టడం వల్ల పైకి బాగా ఎండినట్లు కనిపించినా పిండం దెబ్బతింటుంది.

విత్తనపు సజీవత్వాన్ని తెలుసుకోవడానికి క్షేత్రస్థాయిలో సులభమైన పరీక్ష ఉంది. ఒక రాశి నుంచి యాదృచ్ఛికంగా 50 గింజలను తీసుకుని, పెంకు పగులగొట్టి పప్పును నిలువుగా కోయాలి. బీజదళాలు పచ్చదనంతో, గట్టిగా, తాజాగా ఉంటే విత్తనం సజీవంగా ఉన్నట్లు భావించవచ్చు. పసుపు లేదా గోధుమ రంగుకు మారి, ముడుచుకుపోయి ఉంటే అది నిర్జీవం. ఈ పరీక్షకు పట్టేది అరగంట. దీనిని చేయకుండా వేల సంచులు నింపడం శ్రమను, ధనాన్ని వ్యర్థం చేయడమే.

నిల్వ

నిల్వ అవసరం లేకుండా చూసుకోవడం ఉత్తమం. ప్రకృతి ఏర్పాటు కూడా అదే. పండు పక్వానికి రావడం, నైరుతి ఋతుపవనాల వర్షాలు పడడం దాదాపు ఒకే కాలంలో జరుగుతాయి. గబ్బిలాలు, పక్షులు గుజ్జును తిని గింజను వదిలివేస్తాయి. గింజ తడి నేలపై పడి వెంటనే మొలకెత్తుతుంది. చెట్టు కింద మొక్కలు విరివిగా మొలవడంలోని రహస్యం ఇదే. నారుమడిలో మనం చేయవలసినది ఈ క్రమాన్ని అనుకరించడం. శుద్ధి చేసిన విత్తనాన్ని వారం రోజులలో, గరిష్ఠంగా రెండు వారాలలో విత్తాలి.

కొద్ది వారాల పాటు నిల్వ తప్పనిసరి అయినప్పుడు, నీడలో బాగా ఆరిన గింజలను గాలి ఆడే గుడ్డ సంచులలో, చల్లని గదిలో పలుచగా ఉంచాలి. దీర్ఘకాలిక నిల్వకు తేమను 8 శాతం లేదా అంతకు తక్కువకు నెమ్మదిగా తగ్గించి, గాలి చొరబడని పాత్రలలో భద్రపరచాలి. ఇది తేమను కచ్చితంగా కొలవగల విత్తన ప్రయోగశాలలలో సాధ్యమయ్యే పని. సాధారణ నారుమడి యజమానికి దీనిని సిఫారసు చేయరాదు.

నారుమడి యాజమాన్యం

శుద్ధి చేసిన వేప గింజలు కిలోకు సుమారు 4,000 తూగుతాయి. 1,000 నాటదగిన మొక్కలు కావాలని భావిద్దాం. మొలకెత్తిన వాటిలో 80 శాతం నిలుస్తాయనుకుంటే 1,250 మొలకలు కావాలి. మొలక శాతం 75 అయితే ఇందుకు సుమారు 1,670 గింజలు, అనగా 420 గ్రాముల విత్తనం సరిపోతుంది. మొలక శాతం 20కి పడిపోతే 6,250 గింజలు, అనగా ఒకటిన్నర కిలోకు పైగా విత్తనం అవసరం. విత్తనపు వెల స్వల్పం కనుక ఈ తేడా పెద్దది కాదని అనిపించవచ్చు. అసలు నష్టం ఖాళీగా మిగిలిన సంచులలో, వాటిని నింపిన కూలీలో, వృథా అయిన నీటిలో, చేజారిన ఋతువులో ఉంది. వేపకు ఏడాదికి ఒకే విత్తన కాలం. జూలై దాటితే మళ్ళీ జూన్ వరకు వేచి ఉండవలసిందే.

15 × 25 సెం.మీ. పాలిథీన్ సంచులకు అడుగున రంధ్రాలు చేసి, రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు చివికిన పశువుల ఎరువు కలిపిన మిశ్రమంతో నింపాలి. పచ్చి ఎరువు వాడరాదు. తాజా విత్తనానికి ప్రత్యేక శుద్ధి అక్కరలేదు. కొంత ఆరిన విత్తనాన్ని గోరువెచ్చని నీటిలో ఒక రాత్రి నానబెట్టి వెంటనే విత్తాలి. సంచికి రెండు గింజల చొప్పున, ఒక సెంటీమీటరు నుంచి ఒకటిన్నర సెంటీమీటర్ల లోతులో అడ్డంగా పడుకోబెట్టి విత్తి, పైన పలుచగా ఇసుక చల్లాలి. లోతుగా విత్తితే కుళ్ళిపోతుంది. పైపైన విత్తితే పక్షులు, ఎలుకలు తవ్వివేస్తాయి.

వారం పది రోజులలో మొలకలు కనిపించడం మొదలై మూడు వారాలలో దాదాపు పూర్తవుతుంది. మొదటి నెల పాక్షిక నీడ అవసరం. ఆపై నీడను క్రమంగా తొలగించాలి. రోజ్ క్యాన్‌తో పలుచగా నీరు చల్లాలి. మట్టి తడిగా ఉండాలే గాని బురదగా మారరాదు. నీరు అధికమైతే నారు కుళ్ళు సోకి, మొలకలు మొదలు వద్ద మెత్తబడి ఒరిగిపోతాయి. అటువంటి సంచులను వెంటనే వేరుచేసి, నీటిని తగ్గించి, గాలి ప్రసరణను పెంచాలి. రెండు మొలకలు వచ్చిన సంచిలో బలమైనదానిని ఉంచి రెండవదానిని ఖాళీ సంచిలోకి జాగ్రత్తగా మార్చాలి.

వేప తల్లివేరు కాండం కంటే వేగంగా పెరుగుతుంది. కొద్ది నెలలలోనే సంచి అడుగును ఛేదించుకుని నేలలోకి దిగుతుంది. నెలకొకసారి సంచులను స్థానం మార్చి, బయటకు వచ్చిన వేళ్ళను కత్తిరించకపోతే, నాటే రోజున ఆ వేరు తెగి మొక్క వాడిపోతుంది. నాటడానికి నెల ముందు నుంచి నీటి తడుల మధ్య వ్యవధిని పెంచి మొక్కలను గట్టిపరచాలి.

ప్రధాన క్షేత్రంలో నాటడం, సంరక్షణ

జూలైలో విత్తిన మొక్కలు మరుసటి తొలకరికి నాటడానికి సిద్ధమవుతాయి. 45 సెం.మీ. పొడవు, వెడల్పు, లోతు గల గుంతలను వేసవిలోనే తీసి ఎండనివ్వాలి. పైమట్టిలో 5 నుంచి 10 కిలోల పశువుల ఎరువు కలిపి గుంతను నింపాలి. మంచి వర్షం పడి నేల లోతుగా తడిసిన తరువాత, సంచిని పూర్తిగా తొలగించి, మట్టి గడ్డ చెదరకుండా నాటాలి. తోటగా నాటినప్పుడు 5 × 5 మీటర్ల ఎడంలో హెక్టారుకు 400 మొక్కలు పడతాయి. గింజ కాపే ప్రధానమైతే ఎడం ఇంకా పెంచాలి. పొలం గట్లపై 5 మీటర్లకు ఒకటి చొప్పున నాటవచ్చు.

మొదటి రెండేళ్ళు పాదులలో కలుపు లేకుండా చూడాలి. లేత వేప మొక్క గడ్డితో పోటీపడలేదు. మొదటి వేసవిలో పదిహేను రోజులకొకసారి నీరు ఇవ్వగలిగితే మొక్కలు నిలిచే శాతం గణనీయంగా పెరుగుతుంది. పాదులో ఎండు ఆకులు పరచి తేమను కాపాడాలి. చేదుగా ఉంటుంది కనుక పశువులు ముట్టవన్న నమ్మకం సరికాదు. మేకలు వేపాకును ఇష్టంగా తింటాయి. ముళ్ళకంప రక్షణ అవసరం. మూడు నుంచి ఐదేళ్ళలో కాపు మొదలవుతుంది. పదేళ్ళ నాటికి పూర్తి కాపు వస్తుంది. ఎదిగిన చెట్టు సాలీనా 30 నుంచి 50 కిలోల పండ్లను ఇస్తుంది.

ఎండు తెగులు: విత్తనంతో సంబంధం

ఎండు తెగులుకు కారణమైన శిలీంద్రం ఫోమాప్సిస్ అజాడిరక్టే. దీనిని 1997లో కొత్త జాతిగా వర్ణించారు. ఇది లేత కొమ్మలను ఎండబెట్టడమే గాక పూత మాడడానికి, కాయ కుళ్ళడానికి కూడా కారణమవుతుంది. వర్షపు జల్లులు, గాలి ద్వారా వ్యాపిస్తుంది. టీ మస్కిటో బగ్ అనే రసం పీల్చే పురుగు లేత చిగుళ్ళను గాయపరచినప్పుడు నష్టం మరింత తీవ్రమవుతుంది.

నారుమడి దృష్ట్యా గమనించవలసిన అంశం ఏమంటే, ఈ శిలీంద్రం విత్తనం ద్వారా కూడా సంక్రమిస్తుంది. తెగులు సోకిన చెట్టు నుంచి తీసిన విత్తనంలో మొలక శాతం తగ్గడమే గాక, మొలిచిన మొక్కలతో పాటు తెగులు కొత్త ప్రాంతాలకు చేరే ప్రమాదం ఉంది. అందువల్ల తల్లిచెట్ల ఎంపికలో ఆరోగ్యం మొదటి ప్రమాణం కావాలి. చెట్టు కింద పడిన పండ్లను కాక చెట్టు మీది పండ్లనే సేకరించాలనడానికి, మచ్చలు పడిన, కుళ్ళిన పండ్లను శుద్ధికి ముందే ఏరివేయాలనడానికి ఇది మరొక కారణం. నారుమడిలో చివర్లు ఎండిన మొక్కలను తీసి కాల్చివేయాలి.

తెగులు సోకిన పెద్ద చెట్లు చాలావరకు వేసవిలో తిరిగి చిగురిస్తాయి. ఎండిన కొమ్మలను కత్తిరించి తొలగించాలే గాని, చెట్టు చచ్చిపోయిందన్న తొందరపాటుతో మొదలంటా నరకరాదు. తెగులును తట్టుకుని నిలిచిన చెట్లు భావి ఎంపికకు విలువైన జన్యు సంపద కావచ్చు.

విస్తరణ కార్యకర్తలు దృష్టి సారించవలసిన అంశాలు

గ్రామాలలో గింజల సేకరణ ఎక్కువగా నూనె మిల్లుల అవసరాల కోసం జరుగుతుంది. ఈ సరుకునే నారుమళ్ళకు విత్తనంగా కొనుగోలు చేయడం ప్రధాన లోపం. నూనెకు సేకరించే గింజ వేరు, విత్తనంగా సేకరించే గింజ వేరు అనే విషయాన్ని మహిళా సంఘాలకు, అటవీ ఉత్పత్తుల సేకర్తలకు, నారుమడి నిర్వాహకులకు ప్రదర్శన ద్వారా తెలియజేయాలి. తాజా విత్తనం 100, నూనె కోసం ఎండబెట్టిన గింజలు 100 పక్కపక్కన విత్తి, మూడు వారాల తరువాత రెంటినీ లెక్కించి చూపితే వేరే ఉపన్యాసం అవసరం ఉండదు. విద్యార్థులకు కూడా ఇది తక్కువ ఖర్చుతో చేయదగిన మంచి ప్రయోగం. సేకరణకు, విత్తడానికి మధ్య 0, 7, 14, 28 రోజుల వ్యవధిని పాటించి మొలక శాతాన్ని నమోదు చేస్తే తమ ప్రాంతంలో విత్తనం ఎంత వేగంగా క్షీణిస్తున్నదో స్వయంగా తెలుసుకోగలరు.

నారుమడి పనుల కాలపట్టికను కూడా సవరించాలి. సంచులు నింపడం, మిశ్రమం సిద్ధం చేయడం మే నెలలోనే ముగించి, సంచులు విత్తనం కోసం ఎదురుచూడాలి. విత్తనం సంచుల కోసం ఎదురుచూడరాదు.

ముగింపు

వేప మొండి వృక్షం. కరువును, వేడిని, నిస్సారమైన నేలను ఓర్చుకుంటుంది. దాని విత్తనం మాత్రం సుకుమారం. చెట్టు ఓర్పును చూసి విత్తనానికీ అంత ఓర్పు ఉంటుందని భావించడం వల్లనే అనేక నారుమళ్ళలో వైఫల్యం ఎదురవుతున్నది. ఆరోగ్యవంతమైన అనేక తల్లిచెట్లు, పసుపు తిరిగిన పండు, ఆ రోజే శుద్ధి, నీడలో ఆరబెట్టడం, రెండు వారాలలోపు విత్తడం అనే ఐదు నియమాలకు అదనపు ఖర్చు లేదు. ఖరీదైన పరికరాలూ అక్కరలేదు. సకాలంలో పని జరగడమే వీటికి కావలసినది.